రాట్నం ఆగిన చోట ఎర్రగీత

మాస్టారు పోయారన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. పొద్దున్నే టిఫిన్ల వేళ, కండె సగం చుట్టానో లేదో, బాపట్ల నుంచి వాళ్లమ్మాయి చేసింది. "అత్తా" అంది. ఆ పిలుపులోనే నాకు తెలిసిపోయింది. ఆ సగం కండె ఇప్పటికీ రాట్నం కదురుకే ఉంది. తీయబుద్ధి కాలేదు.

చుక్కల మధ్య తిరిగే ఓడల నవలలు రాసినాయనగా మీకు ఆయన తెలుసు. భట్టిప్రోలులో మా వీధికి మాత్రం ఆయన లెక్కల మాస్టారు. రేపల్లె బళ్లో రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. ఎందుకండీ అంటే, జేబు ఖాళీగా ఉంటే నడక కుదరదనేవారు. నాకు ఎదురింటాయన. వయసులో నేను పెద్దదాన్ని కాబట్టి నన్ను అక్కా అనేవారు. చదువులో ఆయన పెద్ద కాబట్టి నేను మీరు అనేదాన్ని.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మాస్టారి అమ్మాయి రాస్తోంది. నా మాటల్ని నున్నగా చెయ్యొద్దనీ, మహానుభావుడు, మేరునగధీరుడు లాంటివి కలిపితే కాగితం చింపేస్తాననీ ముందే చెప్పాను. ఆయన గురించి తలుచుకోవడం ఒక్కటే నా పని కాదు. ఆయన ఆఖరి నవలకి ముగింపు ఏది అన్న దాని మీద నాకూ తెనాలి ప్రెస్సాయనకీ తగువొచ్చింది. నా వైపు మాట మీరు వినాలి. దీన్ని నవల చివర అచ్చేస్తామన్నారు కాబట్టి నవలంతా చదివేసే మీరు ఇక్కడికి వచ్చుంటారు. చదవకుండా చివరి పేజీలు తిప్పేవాళ్లుంటే అది వాళ్ల ఖర్మ.

మాది మగ్గాల వీధి. మా ఆయన పోయాక అన్నయ్య ఇంటికొచ్చి కండెలు చుట్టడం మొదలుపెట్టాను. కుడిచేత్తో రాట్నం తిప్పుతుంటే ఎడంచేతిలోంచి నూలు జారి కండెకు చుట్టుకుంటుంది. అన్నయ్య మగ్గానికి రోజూ అవి కావాలి. చేతులకి పనే గానీ చెవులకి పనుండదు. మాస్టారు వాళ్ల అరుగు మీద కూర్చుని రాసుకుంటుండేవారు. భార్య పోయి, అమ్మాయి బాపట్లలో ఉద్యోగానికి వెళ్లాక, ఇంట్లో వినేవాళ్లు లేరు. ఒక సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని మా అరుగెక్కారు. రెండు పేజీలు చదువుతాననీ, నేను పని ఆపక్కర్లేదనీ అన్నారు. చదవండి, చెవులు ఖాళీగానే ఉన్నాయన్నాను.

ఆ రోజు చదివింది నాకు ఇప్పటికీ గుర్తే. ఒక ఓడ. దానికో ఫిరంగి. ఒక్కసారి పేలిస్తే ఎదురుగా ఉన్న గ్రహం గ్రహమంతా మాడి మసైపోతుంది. కెప్టెను పేల్చాడు. శత్రువులు పోయారు. ఓడలో అందరూ చేతులు కడుక్కుని భోజనాలకి కూర్చున్నారు. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. రాట్నం చప్పుడు ఆగేసరికి ఆయన తలెత్తారు.

"ఏంటక్కా?"

"అంత నిప్పు ఎక్కణ్ణుంచి తెచ్చాడండీ మీ కెప్టెను?"

అదంతా శాస్త్రం, చెప్పినా నాకు అర్థం కాదన్నారు. నాకు కాకపోతే పోనీయండి, మీకు అర్థమైతే చెప్పండి అన్నాను. ఆయన నోటుబుక్కు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

నేనేదో తెలివి చూపించుకోవాలని అడగలేదు. మా ఆయన వరిచేలకి పట్టే దోమకి మందు కొట్టేవాడు. డబ్బా వీపుకి తగిలించుకుని, మూతికి తుండుగుడ్డ చుట్టుకుని, ఊరందరి చేలల్లో ఆయనే. దోమ చచ్చేది. మందు ఎంత గొప్పదో అని గట్టు మీద నిలబడ్డవాళ్లు అనుకునేవారు. కొట్టిన మర్నాడు ఆయనకి అన్నం సయించేది కాదు. కళ్లు మసకలేసి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. గట్టు మీది వాళ్లెవరూ ఆ మర్నాడు చూళ్లేదు. నేను చూశాను. చివరికి ఊపిరాడక పోయాడు. అప్పట్నుంచీ గొప్ప మందు, గొప్ప ఆయుధం అని ఎవరన్నా అంటే, అది ఎవరి వీపు మీద ఉందో చూడకుండా నేను ఊరుకోలేను.

మర్నాడు వీధిలో కనబడితే ఈ మాటే మాస్టారికి చెప్పాను. మూడో రోజు సాయంత్రం మళ్లీ అరుగెక్కారు. కథ మారింది. ఫిరంగి నిప్పు ఎక్కణ్ణుంచో రాదు, ఓడలో ఉన్న వెచ్చదనాన్నే లాగేసుకుంటుంది. పేల్చినప్పుడల్లా ఓడ చల్లబడిపోతుంది. గెలిచినవాళ్ల దుప్పట్ల మీద మంచు పేరుకుంటుంది. పసిపిల్లల్ని ముసలివాళ్ల మధ్య పడుకోబెడతారు. తెల్లారి పిల్లలు లేస్తారు. ముసలివాళ్లలో కొందరు లేవరు.

నేను చుడుతూనే ఉన్నాను. "రాట్నం తిరిగింది, పాసైపోయాను" అన్నారాయన.

ఇక అదే మా పద్ధతైంది. ఆయన చదవాలి, నేను చుట్టాలి. రాట్నం ఎక్కడ ఆగితే అక్కడ, పరీక్ష పేపర్లు దిద్దిన ఎర్రపెన్నుతో ఆ ముక్క చుట్టూ గీత గీసేవారు. ఇంటికెళ్లి ఆ ముక్క విడి కాగితం మీద మార్చి రాసేవారు. అంతా అయ్యాక వేరే నోటుబుక్కులో శుభ్రంగా ఎత్తి రాసి, పాసింజరెక్కి తెనాలి ప్రెస్సులో ఇచ్చొచ్చేవారు. ఎర్రగీతల చిత్తు నోటుబుక్కులు ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉండేవి. ప్రెస్సాయన వాటిని ఎన్నడూ చూళ్లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తగువంతా దీని మీదే.

మీకు బాగా నచ్చిన నవల ఒకటుందిగా, పేల్చినప్పుడల్లా ఓడ వెనక్కి విసిరేసినట్టు పోయే ఫిరంగిది. శత్రువు ఓడ ఒకటి పగిలితే, తమ ఊరు ఒక ఏడాది ప్రయాణం దూరమవుతుంది. గెలిచినకొద్దీ ఇల్లు దూరం. ఆ ఓడలో సిపాయిలు గెలుపు వద్దు తండ్రీ అని దండం పెట్టుకుంటారు. అది చదివినప్పుడు నేను కండెలు చుట్టీ చుట్టీ బుట్ట నింపేశాను. వెలుగుని తాగే తుపాకీ కథకి మాత్రం రెండుసార్లు ఆపాను. దాన్ని పేల్చినవాడికి చూపు పోతుంది. మాస్టారు ఆ పేల్చేవాణ్ణి ఎవరూ లేని అనాథగా రాశారు. ఏడ్చేవాళ్లు లేనివాడి చేత పేలిపించడం తేలికేలెండి అన్నాను. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. ఆదివారం వచ్చి, వాడికి తల్లిని పెట్టానక్కా, నీ కడుపు చల్లగా అన్నారు.

కారంచేడు నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. మీ ఓడల్లో ఒక్క మంచి ఫిరంగి కూడా లేదేంటండీ, శత్రువుల్ని కొట్టి మన జోలికి రానిది ఒక్కటి పెట్టండి అని. మాస్టారు అది నాకు చదివి వినిపించి, ఆయనకి నిన్ను చూపించాలక్కా అని పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నారు: "ఫిరంగి పేలడానికి ఒక పేజీ చాలక్కా. పేలిన మర్నాటికి పది పేజీలు కావాలి." ఆ మాట నా దగ్గర నేర్చుకున్నానని కూడా అన్నారు. పుస్తకం మీద నా పేరు వేస్తానంటే నేనే వద్దన్నాను. నేను చదువుకోలేని పేరు నాకెందుకు?

ఇక ఆఖరి నవల. మునిగిపోయిన ఊరి జనం ఓడెక్కి నేల కోసం వెతుక్కుంటూ పోతుంటారు. వాళ్ల దగ్గర ఒక ఆయుధం ఉంటుంది. అది చప్పుడుని తింటుంది. కొంచెం పేలిస్తే ఓడలో నాలుగు రోజులు మాట వినపడదు, పాట వినపడదు. పూర్తి బలంతో పేలిస్తే ఎంత పెద్ద దండైనా మాయమైపోతుంది గానీ, ఓడలోకి శబ్దం మళ్లీ ఎప్పటికీ రాదు. ఈ ఆయుధం కల్పించేనాటికి ఆయన గొంతులో పుండు సంగతి మాకెవరికీ తెలీదు. గొంతు బొంగురుపోయిందని మిరియాల పాలు తాగుతుండేవారు. ఆయనకి ముందే తెలుసేమో.

ముగింపు చదివిన సాయంత్రం వాన పడుతోంది. శత్రువులు చుట్టుముట్టారు. కెప్టెను పూర్తి బలంతో పేల్చాడు. దండు పోయింది. ఓడ నేలకి చేరింది. తలుపు తెరవగానే ఆ నేల గాలికి అందరికీ మాట తిరిగొచ్చేసింది. పాడుకుంటూ దిగారు.

రాట్నం ఆపాను.

ఆయన వెంటనే పెన్ను తీయలేదు. వానకేసి చూస్తూ కూర్చున్నారు. "ఈ ఒక్కసారికి ఊరికే పోనివ్వక్కా వాళ్లని" అన్నారు.

"ఊరికే పోతే ఇన్నాళ్లూ మీరు రాసినవన్నీ అబద్ధాలైపోవటంలా మాస్టారూ?"

అంత మాటన్నాను. ఆయన పెన్ను తీసి, ఆ ముగింపంతా కలిపి చుట్టూ ఎర్రగీత గీశారు. మా వదిన టీ పట్టుకొస్తుంటే ఆగకుండా వానలో వెళ్లిపోయారు. రోజూ టీ సాసర్లో పోసుకుని చల్లార్చుకుని తాగి గాని లేచే మనిషి కాదు. పది రోజుల తర్వాత గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లారని తెలిసింది.

నేనూ వెళ్లాను. ఆపరేషన్ చేస్తే పుండు పోతుందని డాక్టరుగారు చెప్పారు. మాస్టారు అడిగారు, ఇది ఏం తీసుకుంటుందండీ అని. డాక్టరుగారికి మొదట అర్థం కాలేదు. తర్వాత తలొంచుకుని, మాట తీసుకుంటుంది అన్నారు. మాస్టారు నా వంక తిరిగారు. "చూశావా అక్కా, డాక్టరుగారు మన పుస్తకాలు చదివినట్టున్నారు." వాళ్లమ్మాయి వరండాలోకి వెళ్లిపోయింది. నేను నవ్వాను. ఆయన నవ్వుతున్నప్పుడు నేను ఏడిస్తే బాగోదుగా.

ఆపరేషన్‌కి ముందు రోజు మధ్యాహ్నం, అమ్మాయి మందులు తేవడానికి కిందికెళ్లింది. మాస్టారు లేచి కూర్చుని, ముగింపు కుదిరిందక్కా, రాయడం తర్వాత రాస్తాలే, ముందు విను అన్నారు. అప్పుడే గుర్తొచ్చినట్టు, రాట్నం లేదుగా, నాకెట్టా తెలుస్తుంది అన్నారు. నేను స్టూలు మీద కూర్చుని ఒట్టి చెయ్యి గాల్లో తిప్పడం మొదలుపెట్టాను. పక్క మంచం మీదావిడ నాకు పిచ్చేమో అనుకునుంటుంది.

ఆయన చెప్పింది ఇది. పేల్చేముందు కెప్టెను ఓడలో అందరికీ ఒక రోజు ఇచ్చాడు. ఎవరు ఎవరితో ఏం చెప్పుకోవాలో ఆ ఒక్క రోజులో చెప్పేసుకోండి అని. తిట్టుకున్నవాళ్లు మాటలు కలుపుకున్నారు. తల్లులు జోలపాటలన్నీ పాడేశారు. ఏళ్ల తరబడి పేరు పెట్టి పిలుచుకోని మొగుడూ పెళ్లాలు పిలుచుకున్నారు. కొంతమంది ఆ రోజంతా ఏం చెప్పాలో తెలియక ఊరికే కూర్చున్నారు. అప్పుడు పేల్చాడు. ఓడ నేలకి చేరింది. ఒడ్డున ఉన్నవాళ్లు రండి రండి అని కేకలేస్తున్నారు, ఓడలో వాళ్లకి నోళ్లు కదలడం కనబడుతుంది, అంతే. తప్పిపోతే పిలుచుకోలేరు కదా. అందుకని ఒకళ్ల చెయ్యి ఒకళ్లు గట్టిగా పట్టుకుని, ఆ చివరి మనిషి దాకా వదలకుండా దిగారు.

చెప్పడం అయ్యేదాకా నా చెయ్యి తిరుగుతూనే ఉంది. ఆయన దిండుకి ఆనుకుని, పాస్ అన్నారు. నేను ఆయన నోట విన్న చివరి మాట అదే.

ఆపరేషన్ అయింది. పుండు తీశారు. ఆ వారంలోనే కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. రాస్తానన్న ముగింపు రాయలేదు. ఎడంచేత్తో గీతలు గీసేవారు. నాకెలాగూ అవి అక్షరాలు కావు, వాళ్లమ్మాయికీ కాలేదు.

పెద్దకర్మ అయ్యాక ప్రెస్సాయన తెనాలి నుంచి మా వీధిలో మాస్టారి ఇంటికి వచ్చారు. మంచి మనిషే, మాస్టారి పుస్తకాలన్నీ వేసింది ఆయనే. ఆఖరి నవల శుభ్రంగా ఎత్తి రాయలేదు కాబట్టి అమ్మాయి చిత్తు నోటుబుక్కే ఇచ్చింది. ఆయన దాన్ని తెరిచి చూపిస్తూ, మాస్టారు తనకి నచ్చినవన్నీ ఎర్రసిరాతో చుట్టి పెట్టుకున్నారమ్మా, ముగింపుకైతే పేజీ పేజీ అంతా చుట్టారు, కవరు వెనక కూడా ఇవే వేస్తాను అన్నారు. అమ్మాయి ఒక్కో ముక్కా చదివింది. అన్నీ నేను ఆపినవే. ఒక్కటి పొల్లుపోలేదు. నాకు నవ్వాగలేదు. పెద్దకర్మ మర్నాడు నవ్వాల్సింది కాదు.

అవి నచ్చినవి కాదండీ, నచ్చనివి అని చెప్పి, ఆసుపత్రిలో విన్న ముగింపు చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నారు. తర్వాత, "మామ్మగారూ, రాసింది నా చేతిలో ఉంది. చెప్పింది మీరొక్కరే విన్నారు. ఏమనుకోకండి, మీకు చదువు కూడా రాదు" అన్నారు.

"రాదండి. అందుకే ఆయన చెప్పింది మర్చిపోవడం కూడా రాదు నాకు."

అమ్మాయి లేచి ట్రంకుపెట్టె తెచ్చింది. ఒక పాత చిత్తు నోటుబుక్కు తీసి, ఎర్రగీత దగ్గరదాకా చదివి మూసేసి, ఇక్కడేంటి అత్తా అంది. పేల్చేవాడికి ఎవరూ లేరని రాశారు, నేను ఆపాను, తల్లిని పెట్టారు అన్నాను. గీతలో ముక్క చదివితే అనాథే. ప్రెస్సాయన తన సంచీలోంచి అచ్చుపుస్తకం తీశారు. అందులో తల్లి ఉంది. ఇంకోటి తీసింది. అది నిప్పు ఫిరంగి, భోజనాలకి కూర్చున్న చోటు. పుస్తకంలో దుప్పట్ల మీద మంచు ఉంది. మూడోది తీయబోతుంటే ప్రెస్సాయన చాలమ్మా అన్నారు. ఆయన అచ్చేసిన ప్రతి పుస్తకంలోనూ ఒక రాట్నం చప్పుడు ఆగిందని ఆయనకి ఆ రోజే తెలిసింది. కళ్లద్దాలు తుడుచుకుని, చెప్పండి, అమ్మాయి రాసుకుంటుంది అన్నారు. మీరు చదివిన ముగింపు అట్లా వచ్చింది. మాటలు నావి కావు, ఆయనవే. నేను మోసుకొచ్చానంతే.

తగువు గెలిచాను. గెలిచిన మర్నాడు ఎట్లా ఉందో కూడా చెప్పాలిగా. ఆయన దగ్గర ఇన్నేళ్లు కథలు విని, అది చెప్పకుండా దాచుకుంటే తప్పు.

రోగంతో ఉన్న మనిషి ఈ ఒక్కసారికి పోనివ్వమని అడిగితే పోనివ్వలేదు నేను. ఆ రోజు ఆయన ఓడలో వాళ్ల గురించి అడగలేదని ఇప్పుడు తెలుస్తోంది. కెప్టెను వాళ్లకి ఒక రోజు ఇచ్చినట్టు ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం మాకూ దొరికింది. మాస్టారూ, ఆ రోజు వానలో మిమ్మల్ని అట్లా పంపాల్సింది కాదు అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. నేను కథ వింటూ కూర్చున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక, అమ్మాయి బాపట్ల తీసుకెళ్లేదాకా ఆయన ఇక్కడే ఉన్నారు. సాయంత్రాలు కుర్చీలో మోసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టేవాళ్లు. ఒళ్లో ఆఖరి నోటుబుక్కు. ఎడంచేత్తో పేజీ తిప్పుతూ చదివేవారు. పెదాలు కదిలేవి, చప్పుడు లేదు. ప్రతి పేజీ చివరా కళ్లెత్తి నా రాట్నం వంక చూసేవారు. నేను తిప్పుతూనే ఉండేదాన్ని.

ఆఖరి సాయంత్రం ఆయన నోటుబుక్కు చివరిదాకా వచ్చారు. అక్కడున్నది నేను ఆపిన ముగింపే, ఎర్రగీత దూరం నుంచే కనబడుతోంది. దాన్నే చదువుతున్నారో, దాని బదులు ఆసుపత్రిలో నాకు చెప్పిన ముగింపు మనసులో చదువుకుంటున్నారో, నాకెట్టా తెలుస్తుంది? పెదాలు మెల్లగా కదులుతున్నాయి. నా చేతిలో నూలు అయిపోయింది. కొత్త నూలు చిలప తగిలించాలంటే రాట్నం ఆపాలి. ఆయన కళ్లెత్తి చూశారు. నూలు లేని రాట్నాన్నే, ఆయన ఆ పేజీ పూర్తిచేసేదాకా, తిప్పుతూ కూర్చున్నాను.